మంట లేని లవంగం

ఆ ఇంట్లో ఒక మొహం ఆరేళ్ళుగా రెండు వాటాలై ఉంది. ఎడమ చెంప పాత సబ్బుది. కుడి చెంప కొత్త సబ్బుది. చుబుకం మీది చిన్న గుంట సరిహద్దు. ముక్కు కింద మీసం ఉంది కాబట్టి అక్కడ తగాదా లేదు. పంపకం చేసింది భార్య. మొహం మాత్రం భర్తది.

ఆవిడ గడ్డం గీసుకునే సబ్బులు తయారు చేస్తుంది. పూర్వం ఒక బడిలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకునేది. ఊళ్ళోవాళ్ళ పిల్లలు పగలగొట్టిన గాజు గొట్టాలు ఏరి ఏరి విసుగెత్తి, ఇంటి వెనక గదిలో సొంత కుంపటి పెట్టుకుంది. ఆ గదిలో ఇప్పుడు ఒక తూకం, రెండు పెద్ద స్టీలు గిన్నెలు, ఒక కరెంటు పొయ్యి, గోడ పొడుగునా చెక్క అరలు ఉన్నాయి. అరల్లో గుండ్రటి రేకు డబ్బాలు మూతల్లేకుండా వరసగా కూర్చుని వారాల తరబడి ఆరుతుంటాయి. నురగను నిలబెట్టే స్టియరిక్ యాసిడ్, జారుడు కోసం ఆముదం, కోకో బటర్, కాస్త కొబ్బరినూనె, చివర్లో గ్లిజరిన్. వీటి పాళ్ళు ఆవిడని నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది.

చిక్కల్లా ఒక్కటే. ఆవిడకి గడ్డం లేదు. నురగ అరచేతిలో ఎంత ముద్దొచ్చినా, బ్లేడు కింద అది ఎలా నడుచుకుంటుందో అరచేతికి తెలియదు. అందుకని ఒక మొహం కావలసి వచ్చింది. వెతికే పని లేకుండా అది ఇంట్లోనే దొరికింది.

ఆ మొహం గల పెద్దమనిషి ఒక అచ్చాఫీసులో ప్రూఫ్ రీడర్. మందు సీసాలతో వచ్చే కాగితాల నుంచి పాఠ్యపుస్తకాల దాకా అక్కడ అచ్చయ్యేదేదైనా ఆయన ఎర్ర పెన్సిల్ కింద నుంచే పోవాలి. ఇరవై రెండేళ్ళలో ఆయన కన్నుగప్పి బయటపడ్డ తప్పులు నాలుగో అయిదో. అవి ఏ పేజీలో ఏ లైనులో ఉన్నాయో ఇప్పటికీ చెప్పగలడు. ఎవరూ అడగరు, అయినా చెబుతాడు. తప్పు చూస్తే చేయి ఊరుకోదు. ఇంటికొచ్చిన కరెంటు బిల్లుని కూడా దిద్ది గానీ డ్రాయర్లో పెట్టడు.

కొత్త సబ్బు తయారైన ప్రతిసారీ ఆయనకి ఏడు రోజుల పని. పొద్దున్నే బ్రష్‌ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, విదిలించి, సబ్బు బిళ్ళ మీద ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా తిప్పుతాడు. తర్వాత గిన్నెలోకి మార్చి, చుక్కచుక్కగా నీళ్ళు చిలకరిస్తూ గిలకొడతాడు. తొందరపడి నీళ్ళు గుమ్మరిస్తే బుడగలొస్తాయి. అవి చూడ్డానికి ఘనంగా ఉంటాయి, బ్లేడు కనపడగానే పారిపోతాయి. ఓపిక పడితే మీగడలాంటి నురగ వస్తుంది, చెంప మీద పెట్టిన చోట కదలకుండా ఉంటుంది. ఇలా రెండు బ్రష్‌లు, రెండు గిన్నెలు. రేజరు ముందు వెంట్రుకల వాలులో, తర్వాత ఎదురు. చివర చన్నీళ్ళతో కడుక్కుని పటిక బిళ్ళ రుద్దుకుంటాడు.

ఈ పటిక సంగతి కాస్త చెప్పుకోవాలి. గీసుకున్న తడి మొహం మీద పటిక రుద్దితే, బ్లేడు చర్మాన్ని ఎక్కడ గీరిందో అక్కడ చురుక్కుమంటుంది. గీత హాయిగా పడితే ఆ చురుకు ఉండదు. సబ్బు బాగా జారిందా, ఊరికే కబుర్లు చెప్పిందా అని మొహమాటం లేకుండా తేల్చేది పటికే. పటిక గమ్మున ఉందంటే సబ్బు గెలిచినట్టు.

అదంతా ఒక నోటు పుస్తకంలోకి ఎక్కుతుంది. నురగ, జారుడు, మంట, పటిక, మర్నాటి చర్మం అని అయిదు గళ్ళు. ఆయన రాస్తుంటే ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని స్నానాలగది గుమ్మంలో నిలబడుతుంది.

"ఊఁ, చెప్పండి. పొగడ్తలొద్దు. మంట ఎక్కడుందో చెప్పండి" అంటుంది.

నిజం చెప్పాలంటే, రోజు మొత్తంలో ఆయన మాట కోసం ఒక మనిషి ఎదురుచూసేది ఆ అయిదు నిమిషాలే. అచ్చాఫీసులో ఆయన దిద్దితే రచయితలు కొట్లాటకి వస్తారు. ఇంట్లో కర్టెన్ రంగు మారినా, గోడకి మేకు దిగినా, ఆయనకి తర్వాతే తెలుస్తుంది. ఆ గుమ్మం దగ్గర మాత్రం ఆవిడ ఆయన పెన్సిల్ ఎటు కదులుతుందా అని చూస్తుంది. ఆయన పైకి ఎప్పుడూ అనలేదు గానీ, ఆ అయిదు నిమిషాలంటే ఆయనకి ప్రాణం.

మూడు నెలల కిందట ఆయన కుడి పక్క జ్ఞానదంతం తీయించుకున్నాడు. వేరు వంకర తిరిగి ఉందట, డాక్టరు దాంతో చాలాసేపు కుస్తీ పట్టాడు. మత్తు దిగిపోయాక కూడా కుడి చెంప, దవడ, సగం కింది పెదవి మొద్దుగానే ఉండిపోయాయి. నరం నలిగిందనీ, మళ్ళీ మామూలు కావడానికి నెలలు పట్టొచ్చనీ, స్పర్శ తిరిగొచ్చేటప్పుడు ముందు చీమలు కుట్టినట్టు మండుతుందనీ డాక్టరు చెప్పాడు. ఆయన ఇంటికొచ్చి "రెండ్రోజులు మొద్దుగా ఉంటుందట" అన్నాడు. రెండ్రోజుల తర్వాత ఆవిడ అడిగితే "తగ్గిపోయింది" అన్నాడు.

ఆ అబద్ధానికి కారణం ఉంది. సరిగ్గా ఆ వారమే కత్తెరాయన వచ్చాడు. ఆయనకి ఇంకో పేరు ఉండే ఉంటుంది గానీ బజారులో ఎవరూ వాడరు. పాత బ్రష్, గిన్నె పద్ధతిలో గడ్డాలు గీసే సెలూన్ ఆయనది. మొదట్నుంచీ సబ్బు ఈవిడ దగ్గరే తీసుకుంటాడు. ఇప్పుడు పెద్ద షాపు తెరుస్తున్నాడు, నాలుగు కుర్చీలు, నిలువెత్తు అద్దాలు.

"అమ్మా, నా షాపుకంటూ ఒక సబ్బు కావాలి. లవంగం వాసన. తలుపు తీయగానే కస్టమర్ ముక్కుకి తగలాలి. నలభై డబ్బాలు, తెరిచే రోజుకి" అన్నాడు.

ఆవిడ అంతవరకు ఇంత పెద్ద పని ఒప్పుకోలేదు. ఇది ఒప్పుకుంది గానీ భయం పట్టుకుంది. లవంగ నూనెతో వ్యవహారం అంత తేలిక కాదు. వాసన మర్యాదగానే ఉంటుంది, మోతాదు కాస్త పెరిగిందంటే చర్మాన్ని కాల్చుకు తింటుంది. తెరిచిన రోజే ఒక్క కస్టమరు చెంప మండిందా, కత్తెరాయన పేరూ పోతుంది, ఈవిడ పేరూ పోతుంది.

"ఒక్క మొహం చాలదేమో. ఇంకొకరిని కూడా చూడాలి" అంది ఆవిడ ఆ సాయంత్రం.

పక్కనే ప్లగ్ పాయింటు బాగుచేస్తున్న తమ్ముడు అందుకున్నాడు. ఈ బావమరిది ఎలక్ట్రీషియన్, ఛాతీ దాకా ఏపుగా పెరిగిన గడ్డం ఆసామి.

"అక్కా, కావాలంటే నా గడ్డం తీసేసి నా మొహం ఇస్తా. కొత్త సరుకు. బావది ఆరేళ్ళుగా వాడి వాడి అరిగిపోయుంటుంది" అన్నాడు.

అందరూ నవ్వారు. బావగారు కూడా నవ్వాడు. లోపల మాత్రం లెక్క వేసుకున్నాడు. మొద్దు చెంప సంగతి చెబితే ఆ గుమ్మం, ఆ తువ్వాలు, ఆ "చెప్పండి" అన్న మాట రేపట్నుంచి బావమరిదికి పోతాయి. అందుకే తగ్గిపోయిందన్నాడు.

పైగా అది పూర్తిగా అబద్ధం కాదని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. మొద్దుబారిన చెంప మీద కూడా బ్రష్ బరువు తెలుస్తుంది, రేజరు ఒత్తిడి తెలుస్తుంది. అదే స్పర్శ అనుకున్నాడు. మనిషికి కావలసినట్టు అనుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు.

మొదటి లవంగం సబ్బులో ఆవిడ కిలోకి నాలుగు గ్రాముల నూనె వేసింది. ఏడు రోజులూ ఆయన "మంట: లేదు. పటిక: చురుకు లేదు" అని రాశాడు. అందులో అక్షరం అబద్ధం లేదు. ఆయనకి మంట తెలియలేదు, లేదని రాశాడు. వాసన చాలదని కత్తెరాయన పెదవి విరిచాడు. ఆవిడ జంకుతూ జంకుతూ ఎనిమిది గ్రాములు చేసింది. మళ్ళీ అదే రాత. ఈసారి ఆవిడకి ధైర్యం వచ్చింది. ఈ కోకో బటర్ పాళ్ళలో ఏదో మహత్తు ఉందనుకుంది. పన్నెండు వేసింది. గది తలుపు తీస్తే వీధి దాకా లవంగం. మూత తీసిన కత్తెరాయన కళ్ళు మూసుకుని, "ఇదీ" అన్నాడు. నోటు పుస్తకంలో మంట లేదు, పటిక గమ్మున ఉంది, ఆయన పుట్టి బుద్ధెరిగాక ఏ సబ్బుకీ ఇవ్వని పదికి పది ఉంది.

నలభై డబ్బాలూ పోశారు. డబ్బా మీద అంటించే కాగితం ఆయన పనిచేసే అచ్చాఫీసులోనే వేయించారు. పేరు ఆవిడే పెట్టింది, భర్త రాసిన గళ్ళు చూసే పెట్టింది. "మంట లేని లవంగం". ప్రూఫు ఆయన బల్ల మీదికి వచ్చింది. ఆయన ప్రతి అక్షరం చూశాడు, ఒత్తులూ దీర్ఘాలూ చూశాడు, కింద తన పొట్టి సంతకం పెట్టాడు.

సరుకు తీసుకెళ్ళడానికి కత్తెరాయన వచ్చే రోజు పొద్దున, ఆయన ఆఖరి పరీక్షగా నలభైలో ఒక డబ్బా తీసి ఎప్పటిలాగే గీసుకున్నాడు. పటిక రుద్దుకున్నాడు. గమ్మున ఉంది. చొక్కా వేసుకుని వంటింట్లోకి వచ్చి టీ గ్లాసు అందుకున్నాడు. లేబుళ్ళు అంటించడానికి పొద్దున్నే వచ్చిన బావమరిది ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"బావా, మెడ మీద అదేంటి?"

ఆయన చెయ్యి పెట్టి చూసుకున్నాడు. రక్తం. కుడి దవడ కింద తెగి, సన్నటి ధార కాలర్ దాకా జారింది. బావమరిది లేచొచ్చి దగ్గర్నుంచి చూసి, "మామూలుగా తెగలేదు బావా. దీని మీద పటిక ఎలా రుద్దావు? నేనైతే పైకప్పు అంటుకునేవాణ్ణి" అన్నాడు.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. అద్దంలో తెగిన చోటు ఎర్రగా నోరు తెరుచుకుని ఉంది. పటిక తీసి మళ్ళీ అక్కడే అద్దాడు, ఈసారి గట్టిగా. ఏమీ లేదు. పటిక బరువు తెలుస్తోంది, అంతే. పచ్చి గాయం మీద పటిక మాట్లాడలేదంటే తప్పు పటికది కాదు.

ఆరేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. లవంగం నురగ తీసి ఎడమ చెంప మీద రాసుకున్నాడు. పాత సబ్బు వాటా అది, ఆ గీత దాటడమంటే ఆయనకి పేజీ తారుమారు చేసినంత తప్పు. పది అంకెలు లెక్కపెట్టాడు. ఇరవై దాకా పోనక్కర్లేకపోయింది. చెంప భగ్గుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కడిగినా తగ్గలేదు, ఇంకా లోపలికి దిగింది.

కుళాయి కట్టేసి, తువ్వాలుతో మొహం అద్దుకున్నాడు. మధ్యాహ్నానికి కత్తెరాయన వస్తాడు. రెండ్రోజుల్లో ఈ నలభై డబ్బాలూ ఊరి చెంపల మీద ఉంటాయి. చెప్పకుండా ఊరుకుంటే ఆ మంట అంతా ఆవిడ పేరు మీద పడుతుంది. చెబితే తన పని పోతుంది. రెండోది ఎంత చిన్న నష్టమో ఆయనకి తెలుసు. తెలిసినా చెప్పడానికి నోరు రావడం లేదు.

వెనక గదిలో ఆవిడా తమ్ముడూ డబ్బాల మీద లేబుళ్ళు అంటిస్తున్నారు. ఆయన వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. ఒక లేబుల్ తీసుకుని, జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి, "మంట లేని" అన్న రెండు మాటల మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన తీసెయ్యమనే గుర్తు వేసి ఆవిడ ముందుకి జరిపాడు.

ఆవిడ చూసింది. "ఇదేంటి? అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయిగా. మీరేగా చూసింది."

"అక్షరాలు సరే. సంగతి తప్పు."

ఆవిడ తలెత్తింది. అప్పుడు కనిపించింది ఎడమ చెంప, ఉడికినట్టు ఎర్రగా.

"దీని మీదెందుకు రాశారు?"

"కుడి దానికి తెలియదు. పన్ను తీయించుకున్నప్పట్నుంచీ తెలియదు. తగ్గిపోయిందని నీతో అబద్ధం చెప్పాను. మూడు సబ్బులకీ నేను రాసింది ఏదీ లెక్కలోకి రాదు."

బావమరిది జిగురు డబ్బా కింద పెట్టేశాడు. ఆవిడ లేచి, చన్నీళ్ళలో తడిపిన గుడ్డ తెచ్చి ఆయన ఎడమ చెంప మీద వేసింది. తర్వాత ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"కళ్ళు మూసుకోండి."

మూసుకున్నాడు. ఆవిడ ఒక చిన్న బ్రష్ తీసుకుని కుడి చెంప మీద కొసతో ముట్టుకుంది. "ఇక్కడ?"

"ఊహూఁ."

"ఇక్కడ?"

"ఊహూఁ."

"ఇక్కడ?"

"కొంచెం. చెవి దగ్గర కొంచెం తెలుస్తోంది."

తెలియని చోటల్లా ఆవిడ డబ్బాల మీద తేదీలు రాసే నీలం పెన్నుతో చుక్క పెట్టుకుంటూ పోయింది. ల్యాబ్ మనిషి కదా, కోపమొచ్చినా కొలత మానదు. చుక్కలన్నీ కలిపితే కంటి కింద నుంచి చుబుకం గుంట దాకా ఒక పెద్ద మడి తయారైంది. బావమరిది నోరు తెరిచాడు, అక్క మొహం చూసి మూసేశాడు.

"ఎందుకు చెప్పలేదు?" అంది ఆవిడ.

"ఇంకో మొహం చూసుకుంటావని."

ఆయన కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి. తెరిచే ధైర్యం లేదు.

"మొహాలకేం, వీధి నిండా ఉన్నాయి" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "మొదటి వారంలోనే మీ కుడి చెంప ఎర్రబడటం నేను చూశాను. ఇంత ఎరుపు ఏంటా అనుకున్నాను. మీరు మంట లేదని రాశారు. మీరు రాశాక ఇంక నా కళ్ళదే పొరపాటు అనుకున్నాను. ఎనిమిది వేసినప్పుడూ చూశాను. పన్నెండు వేసినప్పుడూ చూశాను. మూడుసార్లూ నా కళ్ళని కాదని మీ రాతని నమ్మాను."

ఎడమ చెంప మంట కంటే ఈ మాట ఎక్కువ కాల్చింది. ఇరవై రెండేళ్ళలో బయటపడ్డ నాలుగైదు తప్పులూ కలిపినా దీని కాలిగోటికి సరిపోవు.

కత్తెరాయన చెప్పిన వేళకే వచ్చాడు. వచ్చేసరికి ఈయన మొహం సగం ఎర్రగా, సగం నీలం చుక్కలతో ఉంది. కత్తెరాయన గడప దగ్గరే ఆగి, "మాస్టారు, ఎవరు గీశారు మీకు? నా షాపు పక్కనే ఉందిగా" అన్నాడు.

ఆవిడ దాపరికం పెట్టుకోలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు తన సబ్బుదే అని చెప్పింది, భర్త పేరు ఎత్తలేదు. అప్పుడు ఆయనే అడ్డొచ్చి, "సబ్బుది కాదు, నాది. నేను తప్పు రాసిచ్చాను" అన్నాడు. ఎర్ర గీత కొట్టిన లేబుల్ కత్తెరాయనకి చూపించాడు.

కత్తెరాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చుక్కల మొహాన్ని కిటికీ వెలుతురులోకి తిప్పి, బొటనవేలితో చర్మం సాగదీసి, తన కుర్చీలో కూర్చున్నవాణ్ణి చూసినట్టే చూశాడు.

"అమ్మా, ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మంట ఉందా అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది లేదనే అంటారు. మొహమాటం కొందరికి, మగతనం కొందరికి. అందుకే నేను నోటి మాట వినను. రంగు చూస్తాను. చెంప ఎర్రబడితే నురగ తుడిచేస్తాను, వాడు బాగుందన్నా సరే." కుడి చెంప మీద వేలు పెట్టి చూపించాడు. "ఈ చెంపకి తెలియకపోతేనేం, చెబుతూనే ఉంది పాపం. అడిగినవాళ్ళు లేరు."

ఆవిడ భర్తని చూసింది. భర్త నేల చూశాడు.

తర్వాత పని మాటలు నడిచాయి. అరల్లో సాదా సబ్బు ఆరి సిద్ధంగా ఉంది. ఒక పాలు లవంగానికి అయిదు పాళ్ళు సాదాది తురిమి కలిపి, కరిగించి మళ్ళీ పోస్తే నూనె కిలోకి రెండు గ్రాములకి దిగుతుంది. వాసన వీధి దాకా రాదు. ఆరడానికి మూడు వారాలు పడుతుంది. షాపు తెరిచే రోజుకి సాదా సబ్బే. కత్తెరాయన నిలువెత్తు అద్దాలు, వాటి ముందు వాసన లేని సబ్బు తలచుకుని ఒక నిట్టూర్పు విడిచాడు గానీ, ఒప్పుకున్నాడు.

"వాసన ముక్కుకి తగలకపోయినా ఫర్వాలేదు. చెంపకి తగిలితే మాత్రం కుర్చీలు ఖాళీ" అన్నాడు వెళ్తూ.

ఆ రోజంతా ముగ్గురూ సబ్బు తురిమారు. లవంగం ఘాటుకి బావమరిది కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, "అక్కా, నా గడ్డం నాకే ఉంచుకుంటా. బావ మొహానికి పట్టిన గతి చూశాక ఈ ఉద్యోగం నాకొద్దు" అన్నాడు. ఆవిడ పెదవి చివర కాస్త నవ్వు కదిలింది. భర్తతో మాత్రం గిన్నె ఇటివ్వండి, మూత తీయండి అన్నంతవరకే మాటలు. ఆ పొడి మాటలు ఆయన్ని రోజంతా నలిపేశాయి.

మర్నాడు పొద్దున ఆయన ఒక్క గిన్నె, ఒక్క బ్రష్ తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళాడు. ఇంక తన పని అయిపోయిందనే అనుకున్నాడు. నురగ పెట్టుకుని తల తిప్పితే గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది. భుజాన తువ్వాలు ఉంది. చేతిలో కొత్త నోటు పుస్తకం ఉంది. నాలుగు పేజీల దాకా అప్పుడే గళ్ళు కొట్టేసి ఉన్నాయి. పాత అయిదు గళ్ళే, కానీ ప్రతి గడి మధ్యలో నిలువునా ఒక గీత. గీతకి ఎడమ పక్క "మీకు తెలిసింది", కుడి పక్క "నాకు కనిపించింది".

"వాటాలు మార్చుకుందాం" అంది ఆవిడ. "కొత్త సబ్బు ఇకమీదట ఎడమ చెంపకి. పాతది కుడికి. కుడి పక్క నేను గీస్తాను, మీరు కోసుకున్నా మీకు తెలియదు. మీ గళ్ళు మీరు రాయండి, నా గళ్ళు నేను రాస్తాను. రెండూ కలవకపోతే సబ్బు గది దాటదు."

"కోపం పోయిందా?" అన్నాడు ఆయన.

"పోలేదు. తల ఇటు తిప్పండి."

ఆవిడ రేజరు పట్టుకోవడం అదే మొదటిసారి. ఆరేళ్ళు వేల డబ్బాల సబ్బు చేసిన చెయ్యి, ఒక చెంప దగ్గరికొచ్చేసరికి కొత్తదైపోయింది. వాలు వెంట, వేలెడంత వేలెడంత గీసింది. గీస్తూ గీస్తూ, "అబ్బ, ఆముదం ఇంకాస్త పడాలండీ దీనికి. చివర్లో పట్టేస్తోంది" అంది. ఆరేళ్ళుగా అదే మాట ఆయన పుస్తకంలో రాస్తూనే ఉన్నాడు. ఇప్పుడు చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

మూడు వారాలకి లవంగం మళ్ళీ ఆరింది. ఎడమ చెంప ఏడు రోజులు ఓర్చుకుంది. ఆయన గడిలో మంట లేదు, ఆవిడ గడిలో ఎరుపు లేదు. కొత్త లేబుల్ ప్రూఫు బల్ల మీదికి వస్తే దాని మీద ఉన్నది ఒక్కటే మాట, "లవంగం". ఆయన దాన్ని చాలాసేపు చూసి గానీ సంతకం పెట్టలేదు. డబ్బాలు కత్తెరాయన షాపుకి వెళ్ళాయి. అక్కడ ఏ చెంపా ఎర్రబడలేదు.

పొద్దుటి పని మాత్రం అలాగే సాగింది. ఆవిడ చెయ్యి కుదురుకుంది. మాటల్లో పొడితనం కూడా ఒక్కో రోజూ కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది. కానీ ఒక్కటి ఆయన గమనించాడు. ఆయన తన గడి రాయడం పూర్తి చేసి పుస్తకం ఇస్తే, ఆవిడ ముందు చెంప వెలుతురులోకి తిప్పి చూసుకుంటుంది. తర్వాతే ఆయన రాసింది చదువుతుంది. పూర్వం చదివి ఊరుకునేది. ఇలా చూడటమే న్యాయమని ఆయనకి తెలుసు. తెలిసినా ప్రతి పొద్దునా ఆ చోట ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

అలా ఇంకో నెల గడిచింది. ఒక పొద్దున ఆవిడ కుడి చెంప మీద, ఎప్పుడూ వాడే పాత సబ్బుతోనే, రెండో గీత గీస్తుండగా ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఆగు."

ఆవిడ రేజరు గాల్లో ఆపేసింది. "కోశానా?"

"లేదు. మంట."

"ఎక్కడ?"

"అక్కడే. దవడ మీద. చీమ కుట్టినట్టు. ఆ, మళ్ళీ. ఇదిగో, మళ్ళీ." ఆయన వేలితో దవడ చూపించాడు. "నిజంగానే మండుతోంది. పెదవి దాకా వస్తోంది."

ఆవిడ గబగబా నురగ తుడిచి, మొహాన్ని కిటికీ వైపు తిప్పింది. చెంప మామూలు రంగులోనే ఉంది. కోత లేదు, ఎరుపు లేదు. ఆ సబ్బు ఆరేళ్ళుగా ఎవరినీ మండించింది కాదు. ఆవిడ వేలితో దవడ మీద నొక్కింది, మళ్ళీ నొక్కింది, ఇంకా దగ్గరికి వంగి చూసింది. ఏమీ కనిపించలేదు.

ఆయన పుస్తకం అందుకుని తన గడిలో రాశాడు. "కుడి చెంప. పాత సబ్బు. మంట ఉంది." రాసి, ఆవిడ చేతిలో పెట్టాడు. చూసి నమ్మడానికి అక్కడ ఏమీ లేదని ఆయనకీ తెలుసు. మూడు నెలలు మంట లేదని రాసినవాడు ఇవాళ ఉందంటున్నాడు. తనే ఆవిడ స్థానంలో ఉంటే పెన్సిల్ పెట్టి కొట్టేసేవాడు.

ఆవిడ ఆ లైను చూసింది. ఆయన్ని చూసింది. తర్వాత పెన్సిల్ తీసుకుని తన గడిలో నెమ్మదిగా రాసింది.

"ఎరుపు లేదు. అయినా నమ్ముతున్నాను."